తట్టలో వడ్లు, బెంచీ మీద గాలిమోటర్

ఆ రోజుల్లో బడి లెక్క ప్రకారం పిల్లలు రెండే రకాలు: చదివేవాళ్లు, చదవనివాళ్లు. మూడో రకానికి రిజిస్టరులో గడి ఉండేది కాదు. ఈ మధ్య మా ఫ్యాక్టరీలో నా తోటి ఉద్యోగి ఒకాయన తన కొడుకును హైదరాబాదులో డాక్టరుకు చూపించుకొచ్చాడు. ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోవడం, ఒక్క పని మీద మనసు నిలపలేకపోవడం కూడా ఒక లక్షణమేనట, దానికి మోటారు నేమ్‌ప్లేటు అంత పొడుగు ఇంగ్లిషు పేరు ఉందట. బడిలో టీచర్లు ఏం చేయాలో కూడా డాక్టరు చెప్పి పంపాడు. ముందు బెంచీలో కూర్చోబెట్టాలి, పనిని చిన్న ముక్కలుగా ఇవ్వాలి, మధ్య మధ్య లేచి తిరగనివ్వాలి. ఆయన ఇవన్నీ దిగులుగా చెబుతుంటే నేను ఫక్కున నవ్వాను. ఆయన నొచ్చుకున్నాడు. నేను నవ్వింది వాళ్ల అబ్బాయిని తలచుకుని కాదని, మిర్యాలగూడలో ఒక ఏడాది పాటు మాస్టారుగా వెలగబెట్టిన నన్ను నేను తలచుకుని అని ఆయనకు నచ్చజెప్పేసరికి టీ చల్లారిపోయింది.

పాలిటెక్నిక్ నుంచి ఎలక్ట్రికల్ డిప్లొమాతో బయటపడ్డాక, సిమెంటు ఫ్యాక్టరీ పిలుపు వచ్చేదాకా సూర్యాపేటలో ఖాళీగా తిరగడం మంచిది కాదని మా నాన్న నన్ను మిర్యాలగూడలో అక్క ఇంటికి పంపాడు. బావ ఒక రైసుమిల్లులో గుమాస్తా. ఆయనే తెలిసినవాళ్లతో మాట్లాడి ఒక చిన్న ప్రైవేటు బడిలో నాకు లెక్కలు, సైన్సు చెప్పే పని చూశాడు. నేను ఎంత పద్ధతి గల మనిషినంటే, బోర్డు మీద గీత గీయాలంటే స్కేలు ఉండాల్సిందే. కూడికల కింద గీతకు స్కేలు, తేదీ కింద గీతకు స్కేలు, ఎవరైనా అల్లరి చేస్తే వాళ్ల పేరు బోర్డు మీద రాసి దాని కింద కూడా స్కేలుతోనే గీత. (కొట్టడానికి మాత్రం స్కేలు వాడలేదు. వంగిపోతుందని భయం.) పిల్లలు నాకు 'స్కేలు సారు' అని పేరు పెట్టడానికి వారం కూడా పట్టలేదు.

ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పిల్లలు ఆమెను 'గాలిమోటర్' అనేవారు. మా వైపు విమానాన్ని అలాగే అంటారు. ఎందుకు అంటున్నారో మొదటి పీరియడ్‌లోనే తెలిసింది. నేను 'కూర్చోండి' అన్నాక తరగతి అంతా కూర్చుంది, ఆమె తప్ప. ఆమె కూర్చుంది, లేచింది, పక్క అమ్మాయి జడకు రిబ్బను సరిచేసింది, కిటికీలోంచి బయట పోతున్న బర్రెను పేరు పెట్టి పిలిచింది, మళ్లీ కూర్చుని, ఈసారి బెంచీకి రెండో చివర ప్రత్యక్షమైంది. నేను ప్రశ్న అడిగితే సగం జవాబు గబగబా చెప్పేది. రెండో సగానికి ఆమె మనసు అప్పటికే మిర్యాలగూడ దాటి కోదాడ రోడ్డు పట్టేది.

నేను డిప్లొమా చదివినవాణ్ణి. మా పుస్తకాల్లో ప్రతి యంత్రానికీ చివర ఒక పట్టిక ఉంటుంది: లోపం, కారణం, నివారణ. ఈ అమ్మాయికి కూడా అలాంటిది మనసులో తయారుచేసుకున్నాను. మొదటి నివారణ, ముందు బెంచీ. అంటే నా టేబుల్ పక్కన. రెండు రోజుల్లో నా చాక్‌పీసులన్నీ ఒకే పొడవుకు విరిగి వరసగా పేర్చి ఉన్నాయి, డస్టరు గుడ్డ ఊడి చేతిలోకి వచ్చింది, నా స్కేలుతో ఆమె వీపు గోక్కుంటోంది. రెండో నివారణ, బడి మొత్తానికి నెమ్మదస్తులని పేరున్న ఇద్దరమ్మాయిల మధ్య కూర్చోబెట్టడం. అయస్కాంతం పక్కన ఇనుప ముక్కలు పెడితే ఏమవుతుందో పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి నేనే, నాకే గుర్తు రాలేదు. పదిహేను రోజుల్లో ఆ ఇద్దరూ బెంచీ ఎక్కి దూకడం నేర్చుకున్నారు. వాళ్ల తల్లిదండ్రులు వచ్చి నన్ను అడిగారు, ఏం పాఠాలు చెబుతున్నారు సార్ అని.

మూడో నివారణ మీద నాకు చాలా నమ్మకం. కొన్ని మోటార్లు లోడు లేకుండా నడిపితే అదుపు తప్పి తిరుగుతాయి. కాబట్టి లోడు వేయాలి. "పోయి ఆఫీసు రూములకెళ్లి చాక్‌పీసులు పట్టుకరాపో" అని పంపాను. పీరియడ్ అయిపోవచ్చేసరికి తిరిగివచ్చింది. ఈలోగా ఐదో తరగతిలో ఇద్దరి తగువు తీర్చింది, బోరింగు దగ్గర ఎవరిదో బిందె నింపిపెట్టింది, బడి ఊడ్చే ఆయమ్మ మనవడికి పేరు సూచించింది.

"మరి చాక్‌పీసులేవి?"

ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది. "అరె! గందుకే గద సార్ నేను పోయింది!"

ఆమె మీద కోపం తెచ్చుకోవడం కష్టం. తప్పు చేసినట్టు ముఖం పెట్టేది కాదు, ఎందుకంటే తప్పు చేసినట్టు ఆమెకు తెలిసేది కాదు. కానీ పెద్దసారుకు (అంటే మా హెడ్‌మాస్టరుకు) కోపం ఏమాత్రం కష్టం కాదు. ఆయనది కోదాడ అవతల ఊరు, మాటలో కృష్ణా జిల్లా గాలి తగులుతుండేది. ఏడో తరగతి కామన్ పరీక్షలో బడికి నూటికి నూరు ఫలితం రావాలన్నది ఆయన పంతం. అర్ధసంవత్సర పరీక్షల జవాబు కాగితాలు చూసి నన్ను పిలిచారు. గాలిమోటర్ అన్ని ప్రశ్నలూ మొదలుపెట్టింది. ఏదీ పూర్తి చేయలేదు.

"ఇదేమిటి మాస్టారూ? కిరణజన్య సంయోగక్రియ అంటే మొక్కలు సూర్యకాంతిలో... సూర్యకాంతిలో ఏమిటండీ? అక్కడ పిచ్చుక బొమ్మ వేసింది!"

"బొమ్మ బాగా వేసింది సార్" అన్నాను.

"బాగా వేసింది కాబట్టే చెబుతున్నా. టీసీ ఇచ్చి పంపేద్దాం. పరీక్షకు కట్టించామంటే మన బోర్డు మీద నూటికి నూరు పోతుంది."

టీసీ ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ అమ్మాయి తల్లి బావ పనిచేసే మిల్లులోనే వడ్లు ఆరబోసే కల్లం మీద కూలి. అక్కడి మేస్త్రీ ఈ పిల్లను ఎప్పుడు పనిలోకి పంపుతావని అప్పటికే అడుగుతున్నాడని బావ చెప్పాడు. ఏడు పాసైతే ఎనిమిదిలోకి, లేకపోతే కల్లంలోకి. ప్రీఫైనల్ దాకా గడువు ఇవ్వమని పెద్దసారును బతిమాలాను. ఆయన ఒప్పుకున్నారు, ప్రీఫైనల్‌లో పోతే మాత్రం తన మాటే ఖాయమని చెప్పి.

ఆ ఆదివారం బావ నన్ను మిల్లుకు తీసుకుపోయాడు. ఉడికించిన వడ్లను పైకి తోడే మోటారు స్టార్టరు మాటిమాటికీ ట్రిప్పయి ఆగిపోతోందట. "డిప్లొమా జేసినవ్ గద బామ్మర్దీ, జర దాని సంగతి సూడు. పిల్లలనైతే నువ్వు బాగుచేసేటట్టు లేవు" అన్నాడు. స్టార్టరు పని ముగించి (కాంటాక్టులు మాడిపోయాయి, అది నా పట్టికలో ఉన్న లోపమే) బయటికి వస్తే కల్లం మీదినుంచి నా గొంతు వినిపించింది.

నిజంగానే నా గొంతు. గొంతు సవరించుకోవడం, తర్వాత "చూడండీ" అనడం, ఒక్కో మాటా విడివిడిగా పలకడం. ఉప్పుడు బియ్యం మిల్లు చూసినవాళ్లకు తెలుస్తుంది. ఉడికిన వడ్లను సిమెంటు కల్లం మీద పరిచి, ఆడవాళ్లు వరసగా కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తారు. పాదాలతోనే వడ్లు తిరగబడతాయి, వెనకాల చాళ్లు పడతాయి. అలా నడుస్తున్న వరసలో తల్లి పక్కన గాలిమోటర్. నేను శుక్రవారం మళ్లీ చెప్పిన పాఠం, ఆమె కిటికీలోంచి కోళ్లను లెక్కపెడుతోందని నేను అనుకున్న పాఠం, మొదటినుంచి చివరిదాకా, ఒక్క ముక్క పోకుండా నా గొంతుతో చెబుతోంది. ఆకు, పత్రహరితం, బొగ్గుపులుసు వాయువు, అన్నీ. మధ్యలో లేని స్కేలుతో గాలిలో గీత కూడా గీసింది. ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. పాఠం చివర నేను అన్నట్టే "అర్థమైందా, లేదా? కానివాళ్లు చేతులెత్తండి" అంది. వరసంతా చేతులెత్తింది.

అప్పుడు నన్ను చూశారు. అందరూ చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను ఏమీ వినలేదన్నట్టు కల్లం గట్టు మీదికి వచ్చి, ఆమెను ఒక ప్రశ్న అడిగాను. నడుస్తూ జవాబు చెప్పింది. ఇంకోటి అడిగాను, చెప్పింది. "ఆగి చెప్పు" అన్నాను. ఆగింది. నోట్లోంచి సగం మాట వచ్చింది, కళ్లు నా చొక్కా గుండీ మీదికి పోయాయి. "నడువు" అన్నాను. నడిచింది, మిగతా సగం వచ్చింది. స్విచ్చు వేసినట్టు, తీసినట్టు.

పద్ధతి గల మనిషిని కాబట్టి ఊరుకోలేదు. ఇంకా దగ్గరినుంచి పరీక్షించాలని బూట్లు, సాక్సులు విప్పి, ప్యాంటు మడిచి వడ్లలోకి దిగాను. మిట్టమధ్యాహ్నం, ఉడికిన వడ్లు, కింద సిమెంటు. రెండడుగులు హుందాగా వేశాను. మూడో అడుగునుంచి నేను వేసినవి అడుగులు కావు.

"ఓ పిల్లా, మీ సారు సూడే, గాలిమోటర్ లెక్క ఎగురుతుండు!" అని ఒక ముసలమ్మ అరిచింది. బావ ఆ మాటను ఆ రాత్రి అక్కకు, మర్నాడు సూర్యాపేటలో మా నాన్నకు ట్రంకాల్ చేసి మరీ చేరవేశాడు.

సోమవారం నుంచి గాలిమోటర్‌కు గదిలో వెనకవైపు నడుస్తూ పాఠం వినే అనుమతి ఇచ్చాను. మంగళవారానికి సగం తరగతి నడుస్తామంది. బుధవారం నా తరగతి సంత రోజు బస్టాండులా ఉంది. పైగా అసలు చిక్కు వేరే ఉంది. కామన్ పరీక్షలో నడవనివ్వరు. కూర్చుని రాయాలి. కూర్చుంటే కాళ్లు ఊరుకోవు, కాళ్లు ఊరుకోకపోతే చెయ్యి ఊరుకోదు, చివరికి మళ్లీ పిచ్చుక బొమ్మే. ఆమె మనసు పాదాల్లో ఉందని తేలాక, పాదాలకు పని ఇచ్చి మిగతా మనిషిని కూర్చోబెట్టాలి. బావను అడిగి ఒక ఇనుప తట్ట, దాని నిండా వడ్లు తెచ్చాను. (ఎంత లోతు ఉండాలో స్కేలుతో కొలిచాను. చీలమండ మునగకూడదు, వేళ్లు పూర్తిగా మునగాలి.) తట్టను ఆమె బెంచీ కిందికి తోశాను.

ఆమె పాదాలు వడ్లలో పెట్టింది. చర్... చర్... అని మెల్లగా చప్పుడు. లెక్క ఇచ్చాను. చేసింది. చివరిదాకా. జవాబు కింద గీత కూడా కొట్టింది, స్కేలు లేకుండానే, అయినా క్షమించాను.

కొత్త చిక్కులు రాకపోలేదు. పిచ్చుకలు కిటికీలోంచి నేరుగా పాఠానికి హాజరవడం మొదలుపెట్టాయి. పక్కింటి కోడి ఒకటి రోజూ లెక్కల పీరియడ్‌కే వచ్చేది, సైన్సుకు వచ్చేది కాదు. ఆ కోడి వెంటే ఒకరోజు పెద్దసారు లోపలికి వచ్చారు. బెంచీ కింద చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది.

"మాస్టారూ! ధాన్యమండీ అది! లక్ష్మీదేవి! కాళ్లతో తొక్కిస్తారా? అదీ చదువుకునే చోట? ఆ పిల్ల తల్లిని పిలిపించండి!"

తల్లి మధ్యాహ్నం కల్లంనుంచి అలాగే స్టాఫ్ రూముకు వచ్చింది, మోకాళ్లదాకా దుమ్ముతో. కూతురికి టీసీ ఇస్తారని భయపడుతూనే వచ్చిందని ముఖంలో తెలుస్తోంది. పెద్దసారు లక్ష్మీదేవి గురించి చాలాసేపు చెప్పారు. ఆమె ఓపిగ్గా విన్నది. చివర్న చాలా మర్యాదగా అడిగింది.

"సారూ, తమరు పొద్దుగాల బువ్వ తిన్నరా?"

"తిన్నానమ్మా, ఏం?"

"యాడి బియ్యం సారూ?"

పెద్దసారు తిన్నది మిర్యాలగూడ బియ్యమే. స్టాఫ్ రూములో అందరూ ఒక్కసారిగా కిటికీల వైపు తిరిగారు. ఆమె మళ్లీ అంది: "మేం తొక్కనిది ఈ ఊర్ల ఒక్క మెతుకు లేదు సారూ. తమరికి లచ్చిమి కావాల్నంటే ఆమె మా కాళ్ల కిందికెల్లే రావాలె."

పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరే. కాళ్లు కడుక్కుని తొక్కమనండి" అన్నారు. మర్నాటినుంచి బోరింగు దగ్గర ఆయనే నిలబడి, గాలిమోటర్ రెండు కాళ్లూ మడమలతో సహా కడుక్కుంటోందా లేదా అని చూసేవారు. ప్రీఫైనల్‌లో ఆమె గట్టెక్కింది. లెక్కల్లో మాత్రం అంచు మీద నడిచి గట్టెక్కింది. పెద్దసారు మాట మీద నిలబడ్డారు, టీసీ మాట ఎత్తలేదు.

కామన్ పరీక్ష సెంటరు వేరే బడిలో పడింది. భాషల పరీక్షలు తట్ట లేకుండానే ఎలాగో రాసింది, లెక్కలకు మాత్రం ఆ ధైర్యం మాకు లేదు. లెక్కల పరీక్ష రోజు పొద్దున మేం పిల్లలను వెంటబెట్టుకుని వెళ్తుంటే, పెద్దసారు తన సైకిలు క్యారియరు మీద వడ్ల తట్టను పెట్టి, పైన కొత్త తువ్వాలు కప్పి, తాడుతో కట్టి తీసుకొచ్చారు. దారిలో ఇద్దరు ముగ్గురు ఎవరింట్లో శుభకార్యమని అడిగారు. సెంటరులో చీఫ్ సూపరింటెండెంటు తువ్వాలు ఎత్తి చూశాడు.

"ఏంది సార్ ఇది? తలంబ్రాలా?"

పెద్దసారు వివరించారు, నేనూ వివరించాను. ఇద్దరం ఒకేసారి వివరించడంతో ఆయనకు అనుమానం పెరిగింది. "చానా సూసినం సార్. చొక్కా కాలర్ల చిట్టీలు సూసినం, చెప్పుల చిట్టీలు సూసినం. వడ్లల్ల చిట్టీలు ఇదే మొదలు. తట్ట బయటనే ఉండాలె. పూర్తిగా చెక్ జేసినంకనే లోపలికి."

బెల్లు కొట్టారు. పిల్లలు లోపలికి పోయారు. గాలిమోటర్ గుమ్మం దగ్గర తట్ట వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది. ఆ పిల్ల ఏమీ అనకుండా ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

చీఫ్ ఆదేశం మీద ఆ బడి ఆయమ్మ పక్కింటినుంచి చేట తెచ్చి, వరండాలో కూర్చుని చిట్టీల కోసం వడ్లు చెరగడం మొదలుపెట్టింది. పొట్టు ఎగిరింది, రెండు రాళ్లు వచ్చాయి, చిట్టీ మాత్రం రాలేదు. అంతటితో ఇవ్వాల్సిందే. కానీ చీఫ్ ఒక గింజ తీసి పంటికింద పెట్టి కొరికాడు. మిర్యాలగూడలో ఏ మగవాడి చేతికైనా వడ్లు దొరికితే ఒక గింజ కొరకకుండా ఉండడు.

"ఇంక ఆరాలె" అన్నాడు.

పెద్దసారూ ఒకటి కొరికారు. "లేదండీ, సరిగ్గానే ఆరింది. ఇంకా ఎండితే మరలో నూక అవుతుంది."

"యాడి నూక సార్? మాది నాలుగెకరాల తరి పొలం, నాకు తెల్వదా? ఇది ఏ మిల్లు సరుకు?" కాపలా కానిస్టేబులు వచ్చి ఒకటి కొరికాడు. ఆయన ఇద్దరితోనూ విభేదించాడు. అక్కడినుంచి మాటలు కాలువ నీళ్ల మీదికి, ఎరువుల మీదికి, ఎవరిదో మేనమామ పొలం మీదికి పోయాయి. లోపల ఒక పిల్ల పాదాలకు పని లేకుండా కూర్చుని ఉందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. నేను నాలుగుసార్లు దగ్గాను. వరండా ఈ చివరినుంచి ఆ చివరకు నడిచాను. తూము దగ్గర వంగి చూశాను, గోడ మీది టైంటేబుల్ చదివాను, మళ్లీ నడిచాను. కిటికీలోంచి గాలిమోటర్ కనిపిస్తోంది. బెంచీకి రెండు చేతులూ గట్టిగా పట్టుకుని ఉంది. పెన్ను పక్కన ఉంది. నేను ఇంకా వేగంగా నడిచాను.

"ఓ సారూ!" చీఫ్ గట్టిగా పిలిచాడు. "మీరు జర ఒక్క జాగల కూసుంటరా? గప్పటిసంది సూస్తున్న, తిరుగుడే తిరుగుడు. లోపట పిల్లలు పరేషాన్ అయితుండ్రు!"

నేను ఆగాను. అందరూ నన్నే చూస్తున్నారు. నోరు తెరిస్తే, ఎప్పుడూ వరసగా వచ్చే మాటలు కలగాపులగంగా వచ్చాయి. "నేను కూర్చోలేను సార్. ఆమె కూడా కూర్చోలేదు. నేను తిరుగుతున్నానని మీరు నన్ను బయటికి పంపలేదు గదా. ఆ తట్ట ఇచ్చేయండి, నేను కూర్చుంటాను."

చీఫ్‌కు పంటికింద ఉన్న గింజ మీదినుంచి నా వైపు, కిటికీ వైపు మనసు తిప్పుకోవడానికి కొంత సమయం పట్టింది. తర్వాత తట్టను తనే ఎత్తి లోపలికి తీసుకెళ్లి బెంచీ కింద పెట్టాడు. నేను మాట ప్రకారం స్టూలు మీద కూర్చున్నాను. చర్... చర్... అని వినిపించేదాకా స్టూలు అంచును రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను.

పరీక్ష అయ్యాక అందరికంటే చివర బయటికి వచ్చింది. "అన్నీ చేసినవా?" అన్నాను.

"చేసిన సార్. ఒక్కటి ఇడిచిపెట్టిన."

"ఎందుకు?"

"మీరు గట్ల తిరుగుతుంటే నవ్వొచ్చి ఆ లెక్క మర్చిపోయిన."

ఆ ఒక్కటీ పోయినా పాసైంది. తల్లి మిల్లునుంచి పెద్దసారుకు కొత్త బియ్యం సంచీ పంపింది, తొక్కినవేనని కబురుతో సహా. మా బోర్డు మీద నూటికి నూరు రాలేదు, కాకపోతే పోయింది ఆమె వల్ల కాదు. నేను నెమ్మదస్తులని నమ్మిన ఇద్దరిలో ఒకమ్మాయి తెలుగులో తప్పింది.

జూన్‌లో నాకు మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. వెళ్లేముందు పిల్లలకు చెప్పి పోదామని బడికి వెళ్లాను. ఎనిమిదో తరగతి గుమ్మంలో గాలిమోటర్ ఎదురైంది, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

"ఆడ ఏం పని సార్?"

కంట్రోల్ రూములో మీటర్లు చూడటమని చెప్పాను, కొంచెం గొప్పగానే.

"కూసునే పనా, తిరిగే పనా?"

"కూర్చునేదే. ఎనిమిది గంటలు, కుర్చీలోనే."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. నిజంగా జాలిపడింది. "అయ్యో, మీరు ఉండలేరు సార్" అంది.

డిప్లొమా చదివినవాణ్ణి, ఆ మాటకు నవ్వేసి బస్సెక్కాను. కంట్రోల్ రూములో రెండు నెలలు ఉన్నాను. మూడో నెల మెయింటెనెన్సుకు బదిలీ అడిగి, ఇప్పటికీ ప్లాంటంతా తిరుగుతూనే ఉన్నాను. కారణమేమిటని అప్పట్లో ఇంజనీరుగారు అడిగితే, కుర్చీ సరిపడటం లేదని చాలా పద్ధతిగా చెప్పాను.